ప్రమాణపత్రంలో ‘విధేయత’ కింద రెండు పెన్సిల్ గీతలు

ప్రశ్న: పన్నెండేళ్లుగా విదేశంలో ఉంటున్నాం. ప్రజాస్వామ్య దేశమే, ముస్లింలు మాత్రం తక్కువ. దేశం పేరు వేయకండి. వచ్చే నెల పౌరసత్వ ప్రమాణం. మావారికి ఏ సందేహమూ లేదు. ఈమధ్య మా అన్నయ్య వచ్చినప్పుడు ప్రమాణపత్రం చదివి ‘విధేయత’ అన్న మాట కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీశాడు. “విధేయత అల్లాహ్‌కి మాత్రమే. మనుషులు రాసుకున్న చట్టానికి విధేయురాలినని నోటితో ఎలా అంటావ్?” అన్నాడు. ఆఫీసులో ఒకాయనేమో “మీకు మతం ముందా, దేశం ముందా?” అని నవ్వుతూ అడిగాడు. నాకు మాట రాలేదు. రేపు ఈ దేశం ఒక ముస్లిం దేశం మీద యుద్ధానికి వెళ్తే నేనేం చేయాలి? పదకొండేళ్ల మా అబ్బాయి ఇవన్నీ వింటున్నాడు. “అమ్మీ, మనం ఇక్కడివాళ్లమేనా?” అని అడిగాడు. చివరిగా ఒకటి, ఓటు హక్కు వచ్చాక వెయ్యొచ్చా?
– ఒక సోదరి

అమ్మా,

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను ముఫ్తీని కాను. ఐదు పూటలా నమాజు చదివే మనిషిని, ముప్పై ఏళ్లు వకీలుగా కాగితాలు చదివి బతికినవాణ్ణి. అందుకని ఫత్వా నా దగ్గర దొరకదు. ఒక కాగితాన్ని ఎలా చదవాలో మాత్రం చెప్పగలను. మీ ఇబ్బంది మొదలైంది కూడా కాగితంతోనే కదా.

అన్నయ్య ఒక్క మాట కింద గీత గీశారు. ఆ మాట పక్కన ఏముందో చూడండి. విధేయత అంటున్నారు, దేనికి? జర్మనీలో పౌరసత్వం తీసుకునేవాళ్లు రాజ్యాంగాన్నీ చట్టాలనూ గౌరవిస్తాననీ, దేశానికి హాని కలిగించే పని చెయ్యననీ చెబుతారు. అమెరికాలో అయితే రాజ్యాంగానికీ చట్టాలకూ కట్టుబడి వాటిని కాపాడతానంటారు. కెనడాలో మాత్రం రాజు పేరే ఎత్తాలి. అక్కడ రాణి ఉన్న రోజుల్లో ఆ పేరు గొంతు దిగక ముగ్గురు కోర్టుకెక్కారు. ఒకరు ఐరిష్ గణతంత్రవాది, ఒకరు జమైకాలో పుట్టిన రస్తఫారీ మతానికి చెందిన మహిళ, ఇంకొకరు యూదు గణిత ప్రొఫెసర్. 2014లో ఒంటారియో అప్పీలు కోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు గానీ ఒక మంచి మాట చెప్పింది. ఆ ప్రమాణం రాణి అనే మనిషికి కాదట, రాణి పేరుతో నడిచే పాలనా వ్యవస్థకట. రాచరికం నచ్చదని బయటికొచ్చి బాహాటంగా చెప్పుకోవచ్చు కూడా అంది. చూశారా, ఈ మాట ముస్లింలకు మాత్రమే గొంతులో అడ్డుపడుతోందని అనుకోనక్కర్లేదు.

ఇక అన్నయ్య అభ్యంతరం. మన ఇళ్లలో ఇబాదత్ అనే మాట ఉంది, ఇతాఅత్ అనే మాట ఉంది. మొదటిది ఆరాధన, అది అల్లాహ్‌కి తప్ప ఎవరికీ లేదు. రెండోది మాట వినడం, కట్టుబడటం. అది తల్లిదండ్రులకు ఉంది, పని ఇచ్చినవాడికి ఉంది, ఊరి కట్టుబాటుకూ ఉంది. “సృష్టికర్తకు అవిధేయత అయ్యే చోట సృష్టికి విధేయత లేదు” అన్న హదీసు, అంటే ప్రవక్త (స) మాట, అన్నయ్య మనసులో ఉండి ఉంటుంది. అది విధేయతకు గీసిన గట్టు. గట్టు వేశారంటే దానికి ఇవతల పొలం ఉన్నట్టే కదా. ప్రమాణపత్రంలో ఉన్న విధేయత ఈ రెండో రకానిది. తెలుగులో రెండింటికీ ఒకే మాట వాడుతుండటంతో గీత పడింది.

అసలు విషయం ఇంకొంచెం లోపలుంది. ప్రమాణం ఒక ఒప్పందం. ఒప్పందం విషయంలో మన సంప్రదాయం ఎంత గట్టిదో చూస్తే, అన్నయ్య కంగారు పడాల్సింది ‘ఈ ప్రమాణం చెయ్యొచ్చా’ అని కాదు, ‘చేశాక నిలబెట్టుకోగలమా’ అని.

ప్రవక్త (స) సహచరుడు హుజైఫా బిన్ యమాన్ కథ మీరు వినే ఉంటారు, కాకపోతే ఈ సందర్భంలో ఎవరూ చెప్పి ఉండరు. ఆయనా, ఆయన తండ్రీ మదీనాకు వస్తుంటే దారిలో ప్రవక్తకు శత్రువులైన మక్కా ఖురైషులు పట్టుకున్నారు. ‘ముహమ్మద్ దగ్గరికేగా పోతున్నారు’ అని నిలదీశారు. కాదు, మదీనాకు అన్నారు వీళ్లు. అయితే ఆయన పక్షాన మా మీద యుద్ధం చెయ్యమని దేవుని పేరిట మాటివ్వండి, వదిలేస్తాం అన్నారు. ఇచ్చి బయటపడ్డారు. అది బద్ర్ యుద్ధం ముందు రోజులు, 624వ సంవత్సరం. ముస్లింలు మూడు వందల చిల్లర, ఎదుట వెయ్యి మంది దాకా. ఒక్కో మనిషీ లెక్కలోకి వచ్చే సమయం. తండ్రీకొడుకులు వచ్చి జరిగింది చెప్పారు. ప్రవక్త (స) వాళ్లను వెళ్లిపొమ్మన్నారు. వాళ్లకిచ్చిన మాట నిలబెడదాం, వాళ్లను ఎదుర్కోవడానికి సహాయం అల్లాహ్‌ని అడుగుదాం అన్నారు. హుజైఫా బద్ర్‌లో లేకపోవడానికి కారణం అదొక్కటే. సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది ఇది.

గమనించండి, అది శత్రువు దారికాచి మెడ మీద కత్తి పెట్టినంత పని చేసి తీసుకున్న మాట. వకీలుగా నా దగ్గరికి వస్తే, బలవంతపు ఒప్పందం చెల్లదని ఒక్క వాక్యంలో కొట్టేయించేవాణ్ణి. ప్రవక్త (స) కొట్టేయలేదు.

ఇంకోటి ఖురైషులతో కుదిరిన హుదైబియా సంధి, 628వ సంవత్సరం. సంధిపత్రం మీద ‘అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్’ అని రాస్తే ఖురైషుల తరఫున వచ్చిన సుహైల్ బిన్ అమ్ర్ ఒప్పుకోలేదు. నువ్వు ప్రవక్తవని మేం నమ్మితే నీతో కొట్లాట ఎందుకు, నీ పేరూ మీ నాన్న పేరూ రాయి అన్నాడు. అలీ (ర) ఆ మాట చెరపడానికి చెయ్యి ఆడలేదు. ప్రవక్తే (స) తీసేయించి ‘అబ్దుల్లా కుమారుడు ముహమ్మద్’ అని రాయించారు. కాగితం మీది మాట మారినంత మాత్రాన ఆయన ప్రవక్త కాకుండా పోలేదు. సంతకాల వేళకే సుహైల్ కొడుకు అబూ జందల్ సంకెళ్లు ఈడ్చుకుంటూ వచ్చి పడ్డాడు. ముస్లిం అయినందుకు తండ్రే కట్టేసి ఉంచిన మనిషి. ఒప్పందం ప్రకారం తిరిగి పంపాలి. పంపారు. ఓర్చుకో, మాట ఇచ్చేశాం, ద్రోహం చెయ్యలేం అన్నారు. చదివిన ప్రతిసారీ నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది. శత్రువుతో ఒప్పందానికే అంత విలువ ఉంటే, మీ బిడ్డను చదివిస్తున్న, మీ ప్రాణానికి పూచీ పడుతున్న దేశంతో ఒప్పందానికి ఎంత ఉండాలి?

ఇది నేను ఇవాళ కనిపెట్టిందేమీ కాదు. ముస్లిమేతర రాజ్యంలోకి రక్షణ హామీతో, అంటే అమాన్‌తో, వెళ్లినవాడు అక్కడివాళ్ల సొత్తుకు ద్రోహం చెయ్యకూడదని పాత ఫిఖ్‌హ్ గ్రంథాలు, అంటే ఇస్లామీయ ధర్మశాస్త్రాలు, చెబుతాయి. 1223లో చనిపోయిన ధర్మశాస్త్ర పండితుడు ఇబ్న్ ఖుదామా ఇంకో అడుగు ముందుకేశారు. ద్రోహం చెయ్యనని నోటితో అనకపోయినా సరే, వాళ్లు రక్షణ ఇచ్చిందే ఆ షరతు మీద కాబట్టి అది వర్తిస్తుందన్నారు. అంటే అమ్మా, మీరు వీసా స్టాంపు వేయించుకుని దిగిన రోజునే సగం ప్రమాణం చేసేశారు. పన్నెండేళ్లుగా దాని మీదే ఉంటున్నారు. అన్నయ్య కూడా టూరిస్టు వీసా మీద వచ్చి ఉంటే ఆయనా చేసినట్టే. ఇది మాత్రం నవ్వుతూ చెప్పండి.

అయితే అన్నయ్య మాట గాల్లోంచి పుట్టింది కాదు. ముస్లిమేతర పాలన కింద ఉండకూడదు, వలస రావాలి అని గట్టిగా రాసిన పండితులున్నారు. మొరాకోలోని ఫెజ్ నగరపు అల్ వన్‌షరీసీ అలా రాశారు. ఎప్పుడు? స్పెయిన్‌లో ముస్లింల చివరి రాజ్యం గ్రనడా 1492లో కూలిన రోజుల్లో. తర్వాత పదేళ్లు తిరక్కుండానే అక్కడ బలవంతపు బాప్తిస్మాలు మొదలయ్యాయి. ఆ చివరకు 1609 నుంచి 1614 వరకు వాళ్ల వారసులను దేశం నుంచే వెళ్లగొట్టారు. ఆ మనిషి భయం నిజమైంది. ఇంకా దగ్గరి కాలానికి వస్తే, ట్యునీషియాను ఏలుతున్న ఫ్రాన్స్ 1923లో అక్కడి ముస్లింలకు తన పౌరసత్వాన్ని సులువు చేస్తూ చట్టం తెచ్చింది. 1932, 33లలో ఆ పౌరసత్వం తీసుకున్నవాళ్లను ముస్లిం ఖబరస్తాన్లలో పూడ్చనివ్వలేదు. గొడవలయ్యాయి. అప్పుడది వలసపాలకుడి పక్షం చేరడం, సొంత జనాన్ని విడిచిపోవడం కింద లెక్క. ఆ కోపం న్యాయమైనదే అనిపిస్తుంది నాకు. కానీ ఆనాటి కోపాన్ని మోసుకొచ్చి మీ వంటింటి బల్ల మీది కాగితం పైన పెడితే ఎలా? మిమ్మల్ని ఎవరూ ఏలడానికి రాలేదు. మీరే వెళ్లారు, మీరే దరఖాస్తు పెట్టారు, నమాజుకు ఎవరూ అడ్డం రాలేదు.

వలస తప్పనిసరి అనేవాళ్లను నేను ఎప్పుడూ అడిగేది ఒకటుంది. 615లో అబిసీనియాకు (నేటి ఇథియోపియా ప్రాంతం) వెళ్లి క్రైస్తవ రాజు నజాషీ నీడన బతికిన జాఫర్ (ర) వాళ్లు మదీనాకు ఎప్పుడొచ్చారు? 622లో మదీనాలో ముస్లిం సమాజం ఏర్పడింది. వాళ్లు వచ్చింది 628లో, ఖైబర్ యుద్ధం నాడు. ఆరేళ్లు మదీనా ఉండగానే అక్కడున్నారు. ఆలస్యమైందని ప్రవక్త (స) వాళ్లను తప్పుపట్టలేదు. పైగా వాళ్లది రెండు హిజ్రత్‌ల, అంటే రెండు వలసల, పుణ్యం అన్నారు.

యుద్ధం ప్రశ్నకు వస్తాను. మీ ఉత్తరంలో నిజంగా బరువైంది ఇదే, మిగతావాటికి మీ దగ్గరే సమాధానాలున్నాయి. ఖురాన్‌లో అన్ఫాల్ సూరా 72వ ఆయత్ చూడండి. హిజ్రత్ చెయ్యని విశ్వాసులు ధర్మం విషయంలో సాయం అడిగితే చెయ్యడం మీ బాధ్యత అంటుంది. వెంటనే, మీకూ ఏ జాతికీ మధ్య ఒడంబడిక ఉందో ఆ జాతికి వ్యతిరేకంగా మాత్రం కాదు అంటుంది. సాటి ముస్లిం అడిగినా సరే, ఒడంబడిక అడ్డు నిలుస్తుంది. ఇది ఆనాటి మదీనా సమాజానికి చెప్పిన మాట. నేటి పౌరసత్వానికి దీన్ని అన్వయించడం ఈ కాలపు పండితుల పని, అందులో వాదాలు లేకపోలేదు. నా మటుకు దిక్కు స్పష్టంగా ఉంది. మీరు ఉంటున్న దేశానికి దొంగచాటుగా హాని చెయ్యడం ఏ కారణం చేతా కుదరదు.

అలాగని ఆ యుద్ధాన్ని మీరు మెచ్చుకోవాలా? అక్కర్లేదు. వీధిలోకొచ్చి వద్దనొచ్చు, పత్రికకు రాయొచ్చు, యుద్ధం తెచ్చినవాణ్ణి ఓడించడానికి ఓటు వేయొచ్చు. మీ దేశంలోని ఏ మతంవాడైనా చేసే పనులే ఇవి. సైన్యంలోకి రమ్మంటేనే అసలు చిక్కు. దానికీ దారులున్నాయి. అమెరికా ప్రమాణంలో ఆయుధం పడతానన్న వాక్యం ఉంది. మత విశ్వాసం దానికి అడ్డమైతే ఆ వాక్యం వదిలేసి ప్రమాణం చెయ్యడానికి చట్టమే ఒప్పుకుంటుంది. ఇలాంటి వెసులుబాట్లు ప్రధానంగా క్వేకర్ల వంటి శాంతివాద క్రైస్తవుల పట్టుదలతో వచ్చాయి. అందరికీ పనికొస్తున్నాయి.

బాక్సర్ ముహమ్మద్ అలీ సంగతి తెలిసిందే. 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరమంటే హ్యూస్టన్‌లో పేరు పిలిచినప్పుడు ముందుకు అడుగు వెయ్యలేదు. ఛాంపియన్ బిరుదు లాగేసుకున్నారు, ఐదేళ్ల జైలు శిక్ష వేశారు. అప్పీళ్లు నడుస్తుండగా జైలుకైతే పోలేదు గానీ మంచి వయసులో మూడేళ్లకు పైగా రింగుకు దూరమయ్యాడు. 1971లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది జడ్జీలూ ఒక్క మాటగా శిక్ష కొట్టేశారు. నాకు ఇందులో నచ్చేది ఆయన పారిపోకపోవడం. పక్క దేశానికి దాటేసి ఉండొచ్చు. తన దేశపు కోర్టులోనే నిలబడి చెయ్యనన్నాడు. అది ప్రమాణభంగం కాదు. ఎదుటివాడికి తెలిసేలా, ఫలితానికి సిద్ధపడి ‘ఇది నావల్ల కాదు’ అనడానికి పౌరుడికి ప్రజాస్వామ్యం చోటిచ్చింది. లోపల ఒకటీ బయట ఒకటీ ఉంచుకోవడానికి ఇటు చట్టం ఒప్పదు, అటు మన ధర్మమూ ఒప్పదు.

ఆఫీసాయన ప్రశ్న పాతది. ఒకప్పుడు వేరేవాళ్లను అడిగారు. 1806లో నెపోలియన్ యూదు పెద్దల్ని పారిస్‌కు పిలిపించి పన్నెండు ప్రశ్నలిచ్చాడు. ఫ్రాన్స్ మీ దేశమేనా, దాన్ని కాపాడతారా అన్నది ఒకటి. చచ్చేదాకా అని కేకలేశారట సభలో. దేశపు చట్టమే చట్టం అన్న వాళ్ల పాత ధర్మసూత్రం అప్పుడు ఆదుకుంది. కేథలిక్కుల్ని అయితే వందల ఏళ్లు అడిగారు, రోమ్‌లో పోప్ ఉండగా మీరు ఇక్కడి రాజుకు ఎలా విధేయులవుతారని. మత సహనం గురించి 1689లో అంత గొప్పగా రాసిన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ కూడా పరాయి ప్రభువుకు కట్టుబడే మతాన్ని సహించక్కర్లేదన్నాడు. 1960లో కూడా అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కేథలిక్ కెనెడీ హ్యూస్టన్ వెళ్లి ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అంతరాత్మకూ పదవికీ పొసగని రోజొస్తే పదవి వదిలేస్తానన్నాడు. ఇప్పుడు అక్కడ కేథలిక్‌ను ఆ మాట ఎవరూ అడగరు. ఇవాళ వరస మనది.

కాబట్టి ఆయన్ను శత్రువుగా చూడకండి, పరీక్షకుడిగా అసలే చూడకండి. “పన్ను కట్టేటప్పుడు దేశం, నమాజు చదివేటప్పుడు మతం. మీరెలా చేస్తారు?” అని మీరూ నవ్వుతూ అడగండి. మౌలానా ఆజాద్ 1940లో రామ్‌గఢ్ కాంగ్రెస్ సభలో పదమూడు వందల ఏళ్ల ఇస్లాం వారసత్వంలో ఆవగింజంత కూడా వదులుకోనన్నారు, అదే ఊపులో భారత జాతిలో విడదీయరాని భాగమన్నారు. ఏది ముందని ఆయన క్యూలో నిలబెట్టలేదు. ఆ ఆఫీసాయన రోజూ అదే ప్రశ్న పట్టుకుని వస్తుంటే మాత్రం అది కుతూహలం కాదు. దానికి మీ ఆఫీసులో ఫిర్యాదు పద్ధతి ఉంటుంది. వాడుకోండి. ప్రమాణం చేసేది మీరొక్కరే కాదు, సమానంగా చూస్తానని అవతలి పక్షం కూడా సంతకం పెట్టింది.

ఆ పక్షం ప్రతిసారీ మాట నిలబెట్టుకుంటుందని చెప్పను. 2009లో స్విట్జర్లాండ్ జనం ఓటేసి మినార్లు కట్టకుండా నిషేధించారు. ఫ్రాన్స్‌లో ముఖం కప్పుకోవడంపై నిషేధాన్ని 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు సమర్థించింది. ఆ తీర్పు తప్పని నా అభిప్రాయం. ముఖం కప్పుకోవడం తప్పనిసరని నేననుకోను, అయినా తీర్పు తప్పే. పౌరసత్వం చేతిలో ఉంటే ఇలాంటివి తప్పని గట్టిగా అనొచ్చు. వీసా మీద ఉన్నవాడు గొంతు తగ్గించుకునే అంటాడు.

మీ అబ్బాయికి 1986 నాటి ఒక కేసు చెప్పండి, పిల్లలదే. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. పాడటానికి వాళ్ల విశ్వాసం ఒప్పదు. బడి నుంచి తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్పరెడ్డి గారు తీర్పు రాశారు. లేచి నిలబడ్డాక అగౌరవం ఎక్కడుంది, పాడి తీరాలన్న చట్టం ఎక్కడుంది అన్నారు. పిల్లల్ని మళ్లీ చేర్చుకోమన్నారు. అప్పుడు మీ వాడు ఇంకో ప్రశ్న వేస్తాడు, మనం పాడొచ్చా అని. మీ జాతీయగీతంలో దేవుడికి సాటి కల్పించే మాట లేకపోతే హాయిగా పాడమనండి. వాడు పుట్టి పెరిగింది ఆ పాట వింటూనే అయితే, ‘ఇక్కడివాళ్లమేనా’ అన్న సందేహం వాడిది కాదు. పెద్దవాళ్ల సంభాషణల్లోంచి పట్టుకున్నది. వాడి ముందు మీరూ అన్నయ్యా వాదించుకోకండి. ప్రమాణం రోజు వెంట తీసుకెళ్లండి.

వెళ్లేముందు ఒక పని చెయ్యండి. చాలా దేశాల్లో దేవుడి పేరు మీద ఒకటి, పేరెత్తకుండా మనస్సాక్షిగా ఒకటి, ప్రమాణం రెండు రకాలుగా ఉంటుంది. చేతిలో పెట్టుకునే గ్రంథం విషయంలోనూ ఎంపిక ఉండొచ్చు. 2007లో అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి ముస్లిం కీత్ ఎల్లిసన్ ఫొటోల కోసం జరిపే ప్రమాణంలో ఖురాన్ పట్టుకున్నాడు. అది ఒకప్పుడు థామస్ జెఫర్సన్ సొంత ప్రతి. మీకు ఏది కుదురుతుందో అధికారిని ముందే ఈమెయిల్‌లో అడగండి. ఆ రోజు కౌంటర్ దగ్గర తడబడొద్దు.

ఓటు సంగతి. వెయ్యండి. యూసుఫ్ ప్రవక్త (అ) ఈజిప్టులో ముస్లిమేతర రాజు దగ్గర గిడ్డంగుల బాధ్యత తానే అడిగి తీసుకున్నారు. కరువులో జనానికి తిండి గింజలు అందాలి గనక. మీ వార్డులో పాఠశాల బోర్డు ఎన్నిక ఉంటే దానితో మొదలుపెట్టండి. అందులో మీ అబ్బాయికి కూడా పని ఉంది.